టైమౌట్ అంటే ఫెయిల్ కాదు: మొబైల్ మనీని మిగతా పేమెంట్ సిస్టమ్స్‌తో కలిపే పని ఎలా చెయ్యాలి

మొబైల్ మనీ వాలెట్‌ని ఒక బ్యాంకుతోనో, ఇంకో వాలెట్‌తోనో, కార్డు స్విచ్‌తోనో (పేమెంట్ మెసేజీల్ని ఒకరి నుంచి ఇంకొకరికి చేరవేసే సిస్టమ్) కలపాలి అనగానే ఎవరైనా ముందు అడిగేది "వాళ్ళ ఏపీఐ డాక్యుమెంట్ పంపించారా" అనే. ఏపీఐ అంటే ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో మాట్లాడే పద్ధతి. నేనూ చాలాకాలం అదే అడిగాను. ఇప్పుడు మాత్రం మొదటి మీటింగ్‌లో అడిగేది ఒక్కటే, డబ్బు రాత్రికి ఎక్కడ పడుకుంటుంది? నవ్వుతారు, నవ్వనివ్వండి. మెసేజీలు కలపడానికి మంచి టీముంటే కొన్ని వారాలు చాలు, ఇద్దరి లెడ్జర్లూ, అంటే లెక్కల పుస్తకాలూ, పొద్దున్నే ఒకే మాట చెప్పేలా చెయ్యడానికే అసలు టైమంతా పోతుంది, అది ముందు తేల్చుకోకుండా కోడ్ మొదలెడితే రాసిందే మళ్ళీ రాయాలి.

ఎందుకంటే వాలెట్లో కనిపించే 1000 నిజానికి డబ్బు కాదు, కంపెనీ లెడ్జర్లో ఒక అంకె. ఆ అంకెకి సరిపడా అసలు డబ్బు ఏదో బ్యాంకులో ట్రస్ట్ అకౌంట్లో, అంటే కస్టమర్ల డబ్బు విడిగా దాచే ఖాతాలో, ఉంటుంది. 'ఏ', 'బీ' అని రెండు వాలెట్ కంపెనీలున్నాయి, 'ఏ' కస్టమర్ 'బీ' కస్టమర్‌కి 1000 పంపాడనుకోండి, 'ఏ' లెడ్జర్లో 1000 తగ్గింది, 'బీ' లెడ్జర్లో 1000 పెరిగింది, ఇద్దరికీ మెసేజ్ వచ్చింది, అందరూ హ్యాపీ. కానీ అసలు డబ్బు ఇంకా 'ఏ' వాళ్ళ ట్రస్ట్ అకౌంట్లోనే ఉంది. అది కదిలేదాకా బీ వాళ్ళు తమ దగ్గర లేని డబ్బుని కస్టమర్‌కి చూపిస్తున్నట్టే, ఆ కస్టమర్ వెంటనే ఏజెంట్ దగ్గరికెళ్ళి క్యాష్ తీసేసుకుంటే ఆ రిస్క్ మొత్తం బీ వాళ్ళ నెత్తిన. అందుకే సెటిల్‌మెంట్, అంటే అసలు డబ్బు చేతులు మారడం, ముందు, ఏపీఐ తర్వాత.

దీనికి దారులు మరీ ఎక్కువేం లేవు. ఇద్దరూ ముందే కొంత డబ్బు ఒక సెటిల్‌మెంట్ అకౌంట్లో పెట్టుకుని అందులోంచి తగ్గించుకుంటూ పోవడం ఒకటి, అంటే ప్రీఫండింగ్. రోజంతా లెక్కలు రాసుకుని సాయంత్రం తేడా మాత్రం కట్టడం ఇంకోటి, అంటే నెట్ సెటిల్‌మెంట్, దీనికి ఎవరు ఎంతవరకు బాకీ పడొచ్చో ఒక పరిమితి కచ్చితంగా ఉండాలి, దాన్నే నెట్ డెబిట్ క్యాప్ అంటారు. కొత్తగా మొదలెట్టేవాళ్ళకి నా సలహా ప్రీఫండింగే. డబ్బు ఊరికే కూర్చుంటుందని ఫైనాన్స్ వాళ్ళు గొణుగుతారు, నిజమే, కానీ అవతలివాడు మునిగినా మీ కస్టమర్ డబ్బు పోదు. లెక్కవేసేటప్పుడు మాత్రం ఒక్కరోజు సగటు చూసి వెయ్యొద్దు, వాలెట్ రోజంతా, వారమంతా నడుస్తుంది, బ్యాంకుల పెద్ద సెటిల్‌మెంట్ సిస్టమ్ మాత్రం చాలాచోట్ల సెలవులకి మూసేస్తారు, వరసగా సెలవులొస్తే అన్ని రోజుల ట్రాఫిక్కీ ఆ అకౌంట్లో ఉన్నదే దిక్కు. సగానికి రాగానే ఒక అలర్ట్, పావుకి రాగానే నిద్రలేపే ఫోన్ కాల్, రెండూ పెట్టండి.

ఇక్కడే ఇంకో చిన్న మాట, ప్రీఫండ్‌లో పెట్టిన డబ్బు ఖర్చయిపోయినప్పుడు స్విచ్ రిజెక్ట్ చేస్తుంది కదా, ఆ రిజెక్ట్ కోడ్‌ని మీవాళ్ళు కస్టమర్ స్క్రీన్ మీద "మీ ఖాతాలో సరిపడా డబ్బు లేదు" అని చూపించకుండా చూసుకోండి. కస్టమర్ దగ్గర డబ్బుంది, లేనిది మీ దగ్గర.

సరే, ఇక ఎవరితో ఎలా కలవాలి. ఇద్దరిద్దరుగా నేరుగా కలవొచ్చు, లేదా మధ్యలో ఒక హబ్ పెట్టుకుని అందరూ దానికే తగులుకోవచ్చు. లెక్క చూస్తే తెలిసిపోతుంది, నలుగురుంటే నేరు లింకులు 6, పదిమందైతే 45, ప్రతి లింకుకీ ఒక ఒప్పందం, ఒక టెస్టింగ్, ఒక రీకన్ ఫైల్ (రీకన్ అంటే ఇద్దరి లెక్కలూ సరిపోల్చుకోవడం). టాంజానియాలో 2014లో వాలెట్ కంపెనీలు నేరు ఒప్పందాలతోనే మొదలెట్టాయి, అక్కడి పెద్ద ప్లేయర్ వొడాకామ్ 2016లో కలిసింది. కెన్యాలో ఎం-పెసా 2007లో వచ్చినా వేరే వాలెట్లతో నేరుగా కలిసింది 2018లో. ఘానా వాళ్ళు అదే 2018లో నేషనల్ స్విచ్ ద్వారా వాలెట్లన్నీ ఒకదానికొకటి కలిపారు. ఏది మంచిదని ఒక్క ముక్కలో చెప్పలేం, ఇద్దరు ముగ్గురే ఉంటే నేరుగా వెళ్ళిపోవడం తొందరగా అవుతుంది. కాకపోతే మధ్యలో హబ్ ఉందనుకునే మీ లోపలి మెసేజ్ ఫార్మాట్ రాసుకోండి, రేపు హబ్ నిజంగానే వస్తే ఒక్క కనెక్టర్ మార్చుకుంటే సరిపోతుంది. హబ్ ఎలా పనిచేస్తుందో చేతులతో చూడాలంటే మోజాలూప్ చూడండి, గేట్స్ ఫౌండేషన్ 2017లో బయటపెట్టిన ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, స్వాహిలీలో మోజా అంటే ఒకటి. మీరు వాడకపోయినా పర్లేదు, దాని డిజైన్ చదివితే సగం డౌట్లు తీరిపోతాయి. అందులో పేమెంట్ మూడు అడుగుల్లో జరుగుతుంది, ముందు ఎవరికి పంపుతున్నామో కనుక్కోవడం, తర్వాత ఎంత పంపితే ఎంత చేరుతుందో ఒప్పుకోవడం, ఆఖర్న డబ్బు కదపడం. మీ సిస్టమ్ ఏదైనా ఈ మూడూ విడివిడిగా పెట్టుకోండి, కలిపేస్తే ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోలేరు.

మొదటి అడుగు, ఎవరికి అన్నది. మొబైల్ మనీలో ఫోన్ నంబరే అడ్రస్. తేలిగ్గా అనిపిస్తుంది గానీ ఒకే నంబర్‌ని జనం ముందు సున్నా పెట్టి కొడతారు, కంట్రీ కోడ్‌తో కొడతారు, ప్లస్ పెట్టి కొడతారు, కాంటాక్ట్ లిస్టులోంచి కాపీ చేస్తే మధ్యలో ఖాళీలు కూడా వస్తాయి. మీ సిస్టమ్‌లోకి అడుగుపెట్టిన చోటే అన్నిటినీ ఈ.164 ఫార్మాట్‌కి మార్చేయండి, అంటే కంట్రీ కోడ్‌తో కలిపి గరిష్ఠంగా 15 అంకెలు, లోపల ఎక్కడా ఇంకో రూపం ఉండకూడదు. రెండోది, నంబర్ మొదటి అంకెలు చూసి ఇది ఫలానా కంపెనీ వాలెట్ అని ఊహించే కోడ్ రాయొద్దు, నంబర్ పోర్టబిలిటీ ఉన్న ప్రతిచోటా అది ఏదో ఒకరోజు తప్పుతుంది. లుకప్ డైరెక్టరీని, అంటే ఏ నంబర్ ఎవరి వాలెట్‌దో రాసి ఉంచే జాబితాని, అడగండి. ఒకే నంబర్ మీద రెండు వాలెట్లుంటే ఏది డిఫాల్టో ఆ నంబర్ ఓనర్‌నే ఎంచుకోనివ్వండి. బ్రెజిల్‌లో 2020 నవంబర్లో వచ్చిన పిక్స్ అనే ఇన్‌స్టంట్ పేమెంట్ సిస్టమ్ ఈ పని చక్కగా చేసింది, ఫోన్ నంబర్, ఈమెయిల్, ట్యాక్స్ నంబర్, లేదా ఊరికే ఒక ర్యాండమ్ కోడ్, వీటిలో ఏదైనా కీగా పెట్టుకోవచ్చు, ఒక కీ ఒక్క ఖాతాకే కట్టి ఉంటుంది.

లుకప్‌లో వచ్చిన పేరు పంపేవాడికి చూపించాల్సిందే, తప్పు నంబర్‌కి వెళ్ళే డబ్బుని ఆపే అతి చవకైన మార్గం అదే. కాకపోతే పేరు మొత్తం చూపించకుండా కొన్ని అక్షరాలు దాచండి, ఒక్కో యూజర్ రోజుకి ఎన్ని లుకప్‌లు చెయ్యొచ్చో లిమిట్ పెట్టండి, లేకపోతే ఎవడో ఒకడు స్క్రిప్ట్ రాసి నంబర్లన్నీ వరసగా అడిగి పేర్ల జాబితా తయారుచేసుకుంటాడు.

రెండో అడుగు, కోట్. ఫీజు ఎవరిది, పంపే 1000లోంచి కట్ అవుతుందా, మీద వేస్తారా, అవతల ఎంత చేరుతుంది, ఇదంతా డబ్బు కదలకముందే ఇద్దరూ ఒప్పుకుని ఉండాలి, ఆ ఒప్పుకోలుకి ఒక గడువు కూడా ఉండాలి. చాలామంది మర్చిపోయేది అవతలి వాలెట్ లిమిట్. తక్కువ కేవైసీ ఉన్న వాలెట్లో ఇంతకు మించి బ్యాలెన్స్ ఉండకూడదని రూల్ ఉంటుంది, అది కోట్ దశలో చెక్ చెయ్యకపోతే ఇటు డెబిట్ అయ్యాక అటు క్రెడిట్ పడదు, ఊరికే ఒక రివర్సల్.

ఇక మూడోది, అసలు కదపడం. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చుందాం, ఎందుకంటే ఫిర్యాదుల్లో ఎక్కువభాగం "డబ్బులు కట్ అయ్యాయి, అవతల పడలేదు" అనేవే, అవన్నీ ఇక్కడే పుడతాయి.

ముందు పంపేవాడి వాలెట్లో 1000 పక్కన పెట్టాలి, అంటే రిజర్వ్, ఇంకా డెబిట్ కాదు. తర్వాత అవతలికి మెసేజ్. వాళ్ళు సరే అంటే రిజర్వ్‌ని డెబిట్‌గా మార్చాలి, కాదంటే వదిలేయాలి. మరి వాళ్ళు ఏమీ అనకపోతే? మీరు 30 సెకన్లు చూశారు, జవాబు రాలేదు. ఇప్పుడు నిజంగా మీకేం తెలుసు? ఏమీ తెలీదు. మీ మెసేజ్ వాళ్ళకి చేరకపోయి ఉండొచ్చు, చేరి క్రెడిట్ అయిపోయి జవాబు మాత్రం దారిలో పోయి ఉండొచ్చు. మీవైపు నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకని మీ డేటాబేస్‌లో సక్సెస్, ఫెయిల్ అని రెండే స్టేటస్‌లు పెడితే టైమౌట్‌ని ఏదో ఒకదాంట్లో తొయ్యాల్సి వస్తుంది, ఎందులో తోసినా తప్పే. మూడోది పెట్టండి, "తెలీదు". ఆ స్టేటస్‌లో ఉన్నంతసేపు రిజర్వ్ వదలొద్దు, డెబిట్ చెయ్యొద్దు, స్టేటస్ అడుగుతూ ఉండండి, ముందు కొన్ని సెకన్లకి, తర్వాత నిమిషానికి, తర్వాత ఇంకా గ్యాప్ ఇచ్చి.

నా సొంత దెబ్బ ఒకటి చెప్తాను. ఒక ఇంటిగ్రేషన్లో టైమౌట్ అయితే మళ్ళీ పంపమని రిట్రై పెట్టాం, మంచి పనే, కానీ రిట్రై చేసే ఫంక్షన్ ప్రతిసారీ కొత్త రెఫరెన్స్ నంబర్ తయారుచేసేది, ఆ లైన్ రాసింది నేనే. ఒక సాయంత్రం అవతలి సిస్టమ్ నెమ్మదించింది, పడిపోలేదు, నెమ్మదించింది అంతే. మా మెసేజీలన్నీ వాళ్ళకి చేరుతున్నాయి, క్రెడిట్లు పడుతున్నాయి, జవాబులు మాత్రం 30 సెకన్ల తర్వాత వస్తున్నాయి. మేము మళ్ళీ పంపుతున్నాం, కొత్త రెఫరెన్స్ కాబట్టి వాళ్ళు కొత్త పేమెంట్ అనుకుని మళ్ళీ క్రెడిట్ చేస్తున్నారు. ఒకసారి డెబిట్, మూడుసార్లు క్రెడిట్. ఆ డబ్బు వెనక్కి రాబట్టడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు, అనుకోకుండా వచ్చిన డబ్బుని ఏజెంట్ దగ్గర తీసేసుకున్నవాళ్ళు ఫోన్ ఎందుకెత్తుతారు.

కాబట్టి రూల్, రెఫరెన్స్ పేమెంట్‌కి ఒకటి, ప్రయత్నానికి ఒకటి కాదు. కస్టమర్ పిన్ కొట్టిన క్షణంలో పుట్టాలి, డేటాబేస్‌లో రాశాకే బయటికి మెసేజ్ వెళ్ళాలి, వందసార్లు పంపినా అదే. అందుకునేవైపు మీరైతే ఆ రెఫరెన్స్ ఇంతకుముందు చూశారా అని ముందు వెతకాలి, చూసి ఉంటే మళ్ళీ క్రెడిట్ చెయ్యకుండా మొదటిసారి ఇచ్చిన జవాబే మళ్ళీ ఇవ్వాలి. మొబైల్ ఆపరేటర్ల సంఘం జీఎస్ఎంఏ రాసిన మొబైల్ మనీ ఏపీఐ స్పెసిఫికేషన్లో ఇందుకోసమే కోరిలేషన్ ఐడీ అని ఒక హెడర్ ఉంది, రిక్వెస్ట్‌కి వెంటనే 202 అనే జవాబు కోడ్ ఇచ్చేసి అసలు ఫలితం తర్వాత కాల్‌బ్యాక్‌లో, అంటే వాళ్ళే తిరిగి మనకి పంపే మెసేజ్‌లో, చెప్పే పద్ధతీ ఉంది. ఆ 202ని సక్సెస్ అనుకుని కస్టమర్‌కి మెసేజ్ పంపేసినవాళ్ళని చూశాను. అది "అందింది, చూస్తున్నాం" అనే, "అయిపోయింది" అని కాదు. కాల్‌బ్యాక్ రాకపోవచ్చు కూడా, కాబట్టి దాన్ని నమ్ముకుని కూర్చోకుండా మీరే అడిగే దారి కూడా ఉండాలి.

యూఎస్ఎస్‌డీ (ఫోన్లో స్టార్, హ్యాష్ కోడ్ కొట్టి వాడే మెనూ) మీద నడిచే వాలెట్లలో ఇది ఇంకొంచెం చిక్కు. స్క్రీన్ మీద పట్టేదే 182 అక్షరాలు, అదీ ఇంగ్లీష్ లిపి అయితే, సెషన్ కూడా ఎక్కువసేపు నిలవదు. జవాబు కోసం సెషన్ పట్టుకుని కూర్చోవద్దు, "మీ పేమెంట్ జరుగుతోంది, మళ్ళీ కొట్టకండి, మెసేజ్ వస్తుంది" అని చెప్పి మూసేయండి. ఆ "మళ్ళీ కొట్టకండి" అన్న రెండు ముక్కలు తీసేస్తే రిట్రై పని కస్టమరే చేస్తాడు.

ఇప్పుడు మెసేజ్ ఫార్మాట్లు. వాలెట్ వైపు మామూలుగా జేసన్, పాత కార్డు, ఏటీఎం స్విచ్చుల వైపు ఐఎస్ఓ 8583, కొత్త ఇన్‌స్టంట్ పేమెంట్ సిస్టమ్స్ వైపు ఎక్కువగా ఐఎస్ఓ 20022. మ్యాపింగ్ టేబుల్ ఎక్సెల్‌లో రాసేటప్పుడు అంతా బాగానే కనిపిస్తుంది, ప్రాణం తీసేది పొడవులు. మీరు రెఫరెన్స్‌గా యూయూఐడీ, అంటే ఇంకోటి అలాంటిది రాకుండా తయారయ్యే ఐడీ, వాడారనుకోండి, హైఫన్లతో కలిపి 36 అక్షరాలు. ఐఎస్ఓ 20022 పాక్స్.008 (డబ్బు పంపే) మెసేజ్‌లో ఎండ్ టు ఎండ్ ఐడీకి ఇచ్చింది 35. ఒక్క అక్షరం ఎక్కువ! కొన్ని సిస్టమ్స్ రిజెక్ట్ చేస్తాయి, అది అదృష్టం, కొన్ని చప్పుడు చెయ్యకుండా చివరి అక్షరం కోసేస్తాయి, రీకన్లో ఒక్కటీ మ్యాచ్ అవ్వదు. హైఫన్లు తీసేస్తే 32, సరిపోతుంది. 8583లో ఇంకా ఇరుకు, స్టాన్ అనే వరస నంబర్ 6 అంకెలే, తిరిగి తిరిగి మళ్ళీ అదే నంబర్ వస్తుంది, లావాదేవీని వెతుక్కునే ఆర్ఆర్ఎన్ నంబర్ 12 అక్షరాలు. కాబట్టి మీ పెద్ద రెఫరెన్స్‌కీ వాళ్ళ చిన్న నంబర్లకీ జత కలిపే టేబుల్ మీ దగ్గర ఉండాల్సిందే, తేదీతో సహా.

అమౌంట్ దగ్గర కూడా అంతే. 8583లో అమౌంట్ చుక్క లేకుండా 12 అంకెలు, 1000 పంపితే రెండు డెసిమల్స్ ఉన్న కరెన్సీలో 000000100000 అవుతుంది. కానీ అన్ని కరెన్సీలకీ డెసిమల్స్ రెండే కాదు, పశ్చిమ ఆఫ్రికా సీఎఫ్ఏ ఫ్రాంక్‌కీ జపాన్ యెన్‌కీ సున్నా, కువైట్ దినార్‌కి మూడు. 100తో గుణించెయ్ అని కోడ్‌లో గట్టిగా రాసేస్తే ఫ్రాంక్‌లో 1000 కాస్తా లక్ష అయి కూర్చుంటుంది. ఏ కరెన్సీకి ఎన్ని డెసిమల్సో చెప్పే ఐఎస్ఓ 4217 టేబుల్ చూసి గుణించండి, ఫ్లోట్ టైప్ (డెసిమల్స్‌ని సుమారుగా దాచే నంబర్ రకం) మాత్రం ఎక్కడా వాడొద్దు. టైమ్ అంతా యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో, దాచుకోండి.

జవాబు కోడ్లని మూడు గంపల్లో వేసుకోండి, సక్సెస్, ఖాయమైన ఫెయిల్, "తెలీదు", చాలు. 8583లో 51 అంటే బ్యాలెన్స్ లేదు, ఇది ఖాయమైన ఫెయిల్, రిజర్వ్ వదిలేయొచ్చు. 91 అంటే అవతలి బ్యాంకు గానీ స్విచ్ గానీ అందుబాటులో లేదు, 68 అంటే జవాబు ఆలస్యంగా వచ్చింది, ఇవి రెండూ నా లెక్కలో "తెలీదు" గంపలోకే. కోడ్ లిస్టులో లేని కొత్త కోడ్ వచ్చినా అదే గంప. ఇంకోటి, రివర్సల్ మెసేజ్ అంటే 0420, అది ఒక్కోసారి అసలు పేమెంట్ మెసేజ్ 0200 కన్నా ముందే వచ్చి పడుతుంది, నెట్‌వర్క్ కదా. "అలాంటి పేమెంటే లేదు" అని పారెయ్యకుండా రాసి పెట్టుకోండి, వెనకాల అసలుది వస్తే క్రెడిట్ చెయ్యకుండా ఆపాలి.

క్యూఆర్ గురించి తొందరగా. ఒకే కోడ్ అన్ని యాప్‌లతో చదవాలంటే కార్డు కంపెనీల ఉమ్మడి సంస్థ ఈఎంవీకో రాసిన మర్చంట్ క్యూఆర్ స్పెసిఫికేషన్ పట్టుకోండి, అందులో 26 నుంచి 51 దాకా ఉన్న గదుల్లో వేర్వేరు నెట్‌వర్కుల ఖాతా వివరాలు పక్కపక్కనే పెట్టొచ్చు. ఆఖర్న వచ్చే సీఆర్‌సీ (కోడ్ సరిగ్గా చదివామా అని చూసుకునే విలువ) లెక్కలో చాలామంది ఒక తప్పు చేస్తారు, 6304 అన్న నాలుగు అక్షరాలు కూడా కలిపి లెక్కెయ్యాలి, దానికి ముందు ఆపేస్తే మీ యాప్‌లో స్కాన్ అవుతుంది, పక్కవాడి యాప్‌లో అవ్వదు.

రీకన్ అనేది ప్రాజెక్ట్ ఆఖర్లో ఎవరో జూనియర్‌కి అప్పజెప్పే పనిగా చూస్తారు, నాకు దానిమీదే కోపం. మొదటి రోజు లావాదేవీ నడిచే ముందే అది రెడీగా ఉండాలి. మూడు కాగితాలు కలపాలి, మీ లెడ్జర్, స్విచ్ ఇచ్చే ఫైల్, సెటిల్‌మెంట్ బ్యాంక్ స్టేట్‌మెంట్. రెండు కలిపి ఊరుకుంటే కుదరదు. ఒక వరస ఎలా చూడాలో చెప్తాను. రెఫరెన్స్ చివర 7ఎఫ్3 ఉన్న పేమెంట్, మీ లెడ్జర్లో 23:59:58కి రిజర్వ్, స్టేటస్ "తెలీదు". స్విచ్ ఆ రోజు ఫైల్‌లో లేదు. ఫెయిల్ అనుకుని వదిలేస్తే దొరికిపోతారు, ఎందుకంటే స్విచ్ దాన్ని 00:00:01కి రాసుకుంది, మర్నాటి ఫైల్‌లో సక్సెస్ అని వస్తుంది. కాబట్టి కటాఫ్, అంటే ఒక రోజు లెక్క ముగిసే సమయం, దగ్గరివి ఇంకో రోజు ఫైల్ చూశాకే తేల్చాలి. అలా తేలనివన్నీ ఒక సస్పెన్స్ ఖాతాలో పడతాయి, అందులో ప్రతి వరసకీ ఎన్ని రోజులైందో, ఎవరు చూస్తున్నారో రాసి ఉండాలి. మొత్తం సున్నాగా కనిపిస్తే సంబరపడొద్దు, అటు 500 ఇటు 500 కొట్టేసుకుని కూడా సున్నా వస్తుంది.

మోసాల సంగతి. వేరే సిస్టమ్‌తో కలిస్తే దొంగకి ఇంకో గేటు తెరిచినట్టే, ఒక వాలెట్లో కొట్టేసిన డబ్బు ఇంకో వాలెట్లోకి పంపి అక్కడ ఏజెంట్ దగ్గర క్యాష్ చేసుకుంటే జాడ రెండు కంపెనీల మధ్య తెగిపోతుంది. సిమ్ మార్చిన నంబర్ నుంచి బయటికి వెళ్ళే పేమెంట్లకి కొన్నాళ్ళు చిన్న లిమిట్ పెట్టండి, అవతలి కంపెనీకి "ఈ డబ్బు ఆపండి" అని చెప్పే ఒక మెసేజ్, దానికి ఎన్ని నిమిషాల్లో స్పందించాలో ఒప్పందంలో రాసుకోండి. ఈమెయిల్ పంపుకుందాం అంటే ఒప్పుకోవద్దు.

టెస్టింగ్‌లో అంతా సవ్యంగా నడిచే కేసులు ఒక్కరోజులో అయిపోతాయి, మిగతా టైమంతా చెడగొట్టడానికే వాడండి. జవాబుని కావాలని 40 సెకన్లు ఆపండి. అదే మెసేజ్ ఒకే క్షణంలో రెండుసార్లు పంపండి, ఒకదాని తర్వాత ఒకటి కాదు, ఒకేసారి, అప్పుడే లాకింగ్ లోపాలు బయటపడతాయి. కాల్‌బ్యాక్ మింగేయండి. రిజర్వ్ అయ్యాక, మెసేజ్ వెళ్ళకముందు మీ సర్వర్ ప్లగ్ పీకేయండి, లేచాక ఆ పేమెంట్ ఏమైందో చూడండి. ఇవన్నీ అవతలివాళ్ళ టెస్ట్ సర్వర్‌లో చెయ్యనివ్వరు, అందుకని వాళ్ళలా నటించే ఒక సిమ్యులేటర్ మీరే రాసుకోవాలి, రెండు మూడు రోజుల పని, తర్వాత ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

లైవ్‌కి వెళ్ళేటప్పుడు ముందు స్టాఫ్ నంబర్లకే తెరవండి, చిన్న లిమిట్‌తో. తర్వాత కొద్దికొద్దిగా పెంచండి, కానీ పెంచడానికి ట్రాఫిక్ బాగుందా అని చూడొద్దు, "తెలీదు" గంపలో పడ్డవి మర్నాటి రీకన్‌కల్లా ఒక్కటీ మిగలకుండా తేలుతున్నాయా అన్నది చూడండి. వరసగా రెండు వారాలు తేలితే పెంచండి, ఆ రెండు వారాల్లో ఒక సెలవుల వారం కూడా ఉండేలా చూసుకోండి, మార్కెటింగ్ వాళ్ళు ఈలోగా పోస్టర్లు ప్రింట్ చేయించేసినా సరే.